కారు లోపల లైటు వెలగడం లేదా? బల్బు కొనే ముందు ఏం చూడాలి, ఎలా మార్చుకోవాలి

రాత్రి ప్రయాణంలో కారు రోడ్డు పక్కన ఆగుతుంది. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ దిగడానికి తలుపు తీస్తారు. మామూలుగా అయితే పైన లైటు వెలిగి, కాలు ఎక్కడ పెట్టాలో కనిపించాలి. ఆ రోజు వెలగదు. చెప్పులు ఎక్కడున్నాయో, కింద గట్టు ఉందో గుంత ఉందో తెలియదు. ముందు సీట్లోంచి ఎవరో ఫోన్ టార్చి వేసి చూపిస్తారు. ఇంటికి చేరాక ఆ సంగతి అందరూ మరిచిపోతారు.

హెడ్‌లైటు పోతే మర్నాడే షెడ్డుకు తీసుకెళ్తారు. లోపలి లైటు పోతే మాత్రం నెలల తరబడి అలాగే వదిలేస్తారు. దానికోసం ప్రత్యేకంగా వెళ్లడమెందుకు, తర్వాతి సర్వీసింగ్‌లో చూద్దామనుకుంటారు. కానీ చీకట్లో పిల్లల సీటు బెల్టు పెట్టాలన్నా, తనిఖీ దగ్గర కాగితాలు తీయాలన్నా, హైవే మీద టైరు పంక్చరైతే డిక్కీలో జాకీ వెతకాలన్నా ఆ చిన్న బల్బే దిక్కు.

చాలా కార్లలో ఈ బల్బు ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది. మార్చడానికి పది నిమిషాలు చాలు. అయితే వెలగని ప్రతి లైటులోనూ బల్బే మాడిపోయి ఉండదు. కారణం చూడకుండా బల్బు కొంటే డబ్బు వృథా కావొచ్చు. తొందరపడి పైకప్పు ప్లాస్టిక్‌ను పెకిలిస్తే ఖర్చు వేలల్లోకి వెళ్లొచ్చు. అందుకే ముందు ఏం పాడైందో తేల్చుకుని, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

కారు లోపల ఎన్ని లైట్లు?

అందరికీ తెలిసింది పైకప్పు మధ్యలో ఉండే క్యాబిన్ లైటు. దీన్నే రూఫ్ లైటు, డోమ్ లైటు అని కూడా అంటారు. చిన్న కార్లలో ఇదొక్కటే ఉంటుంది. కాస్త పెద్ద కార్లలో ముందు అద్దం దగ్గర ఎడమకు ఒకటి, కుడికి ఒకటి మ్యాప్ లైట్లు ఉంటాయి. డిక్కీలో ఒకటి, గ్లోవ్ బాక్సులో ఒకటి, తలుపుల అడుగున, కాళ్ల దగ్గర, ఎండ తగలకుండా దించుకునే వైజర్ అద్దం పక్కన మరికొన్ని ఉండొచ్చు. డ్యాష్‌బోర్డులో మీటర్లకు, ఏసీ బటన్లకు వెలుగునిచ్చే చిన్న బల్బులు వేరు.

వీటిలో రూఫ్ లైటు, మ్యాప్ లైట్లు, డిక్కీ లైటు సొంతంగా మార్చుకోదగ్గవి. డ్యాష్‌బోర్డు లోపలి బల్బుల సంగతి వేరు. వాటిని చేరాలంటే మీటర్ల పెట్టెను బయటికి తీయాలి. ఆ పనిని ఆటో ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడమే మంచిది.

బల్బు ఎందుకు మాడుతుంది?

పాత రకం బల్బులో సన్నటి టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. కరెంటు వెళ్లినప్పుడు అది వేడెక్కి వెలుగుతుంది. వెలిగినంతసేపూ ఆ తీగ నుంచి లోహం కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాజు లోపలి గోడకు అంటుకోవడం వల్లే పాత బల్బులు నల్లబడతాయి. తీగ ఎక్కడో ఒకచోట మరీ సన్నబడి, చివరికి అక్కడే తెగిపోతుంది.

సాధారణంగా బల్బు వెలుగుతూ ఉండగా కాకుండా స్విచ్ వేసిన క్షణంలోనే పోతుంది. చల్లగా ఉన్న తీగకు నిరోధం చాలా తక్కువ. వేడెక్కాక ఉండే నిరోధంలో అది పదో వంతు కూడా ఉండదు. అందుకే స్విచ్ వేయగానే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు దూసుకెళ్తుంది. అప్పటికే బలహీనపడిన చోటు ఆ దెబ్బకు తెగుతుంది.

వోల్టేజీ కూడా ముఖ్యమే. బ్యాటరీ 12 వోల్టులదే అయినా ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ దాదాపు 13.5 నుంచి 14.5 వోల్టులు ఇస్తుంది. ఇలాంటి బల్బుల్లో వోల్టేజీ 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఏడాదిలోనే ఒకే చోట రెండు మూడు బల్బులు మాడిపోతున్నా, ఇతర లైట్లు కూడా తరచూ పోతున్నా తప్పు బల్బుది కాకపోవచ్చు. ఛార్జింగ్ వోల్టేజీని ఒకసారి మల్టీమీటర్‌తో చూపించుకోవాలి. గతుకుల రోడ్లు, డిక్కీ తలుపును గట్టిగా వేయడం కూడా తీగను దెబ్బతీస్తాయి.

ముందు స్విచ్, తర్వాత ఫ్యూజ్, ఆ తర్వాతే బల్బు

మొదట చూడాల్సింది రూఫ్ లైటు మీదే ఉండే స్విచ్. చాలా కార్లలో దానికి మూడు స్థానాలుంటాయి. ఒకవైపు జరిపితే ఎప్పుడూ వెలుగుతుంది. మరోవైపు జరిపితే అసలు వెలగదు. మధ్యలో ఉంచితే తలుపు తీసినప్పుడు మాత్రమే వెలుగుతుంది. కారు కడిగేటప్పుడో, పిల్లలు ఆడుకునేటప్పుడో స్విచ్ ఆఫ్ వైపు జరిగిపోతే బల్బు మాడిందనుకుని పొరబడేవారు తక్కువేం కాదు.

స్విచ్‌ను ఆన్‌లో పెడితే వెలిగి, తలుపు తీసినప్పుడు మాత్రం వెలగకపోతే బల్బు బాగానే ఉన్నట్టు. అప్పుడు అనుమానించాల్సింది తలుపు స్విచ్‌ను. పాత కార్లలో ఇది తలుపు చట్రం దగ్గర రబ్బరు టోపీతో, వేలితో నొక్కగలిగేలా ఉంటుంది. మట్టి పేరుకుని ఇరుక్కుపోతే పనిచేయదు. కొత్త కార్లలో ఈ స్విచ్ తలుపు తాళం లోపలే ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. తలుపు తీసినప్పుడు మీటర్లలో తలుపు తెరిచి ఉన్నట్టు గుర్తు వస్తుందేమో చూడాలి. గుర్తు వస్తే ఆ తలుపు స్విచ్ పనిచేస్తున్నట్టే. రాకపోతే తేడా అక్కడుండే అవకాశం ఎక్కువ. నాలుగు తలుపుల్లో ఒక్కదానికే లైటు వెలగకపోయినా కారణం అదే. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటికి వెనక తలుపులకు ఈ ఏర్పాటే ఉండకపోవచ్చు. దాన్ని లోపమనుకోకూడదు.

లోపలి లైట్లన్నీ ఒకేసారి ఆగిపోతే మాత్రం ముందుగా ఫ్యూజ్ చూడాలి. మూడు బల్బులు ఒకే రోజు మాడిపోవడం అరుదు. లైట్లతో పాటు గడియారం సమయం మరిచిపోవడం, మ్యూజిక్ సిస్టమ్ సెట్టింగులు పోవడం, సెంట్రల్ లాకింగ్ పనిచేయకపోవడం వంటివి కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. చాలా కార్లలో ఇవన్నీ ఒకే ఫ్యూజ్ మీద ఆధారపడి ఉంటాయి.

రెండు మ్యాప్ లైట్లలో ఒక్కటే వెలగకపోతే కొత్త బల్బు కొనకుండానే పరీక్షించొచ్చు. ఎడమ బల్బును కుడివైపు, కుడి బల్బును ఎడమవైపు మార్చి చూడాలి. చీకటి బల్బుతో పాటే అటు వెళ్లిందంటే బల్బు మాడినట్టు. చీకటి పాత చోటే ఉండిపోయిందంటే హోల్డర్‌లోనో, స్విచ్‌లోనో, తీగలోనో తేడా ఉన్నట్టు.

కొన్ని కార్లలో తలుపు తెరిచి ఉంచితే కొన్ని నిమిషాల తర్వాత లైటు దానంతటదే ఆరిపోతుంది. బ్యాటరీ అయిపోకుండా తయారీదారులు పెట్టిన ఏర్పాటది. తలుపు మూసి, తాళం తీసి మళ్లీ తెరిస్తే వెలుగుతుంది. తలుపు వేశాక కొన్ని సెకన్లపాటు వెలిగి మెల్లగా ఆరడం కూడా మామూలే.

ఫ్యూజ్ దగ్గర చేయకూడని తప్పు

కారు లోపలి ఫ్యూజ్ పెట్టె సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ పక్కన ఉంటుంది. మూత వెనకో, ఓనర్స్ మాన్యువల్‌లోనో ఏ ఫ్యూజ్ దేనికన్న పట్టిక ఉంటుంది. ఫ్యూజ్ తీయడానికి ఆ పెట్టెలోనే చిన్న ప్లాస్టిక్ చిమటా ఇస్తారు. కారు పూర్తిగా ఆఫ్ చేశాకే దాన్ని లాగాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ప్లాస్టిక్ లోపల వంపు తిరిగిన లోహపు పట్టీ కనిపిస్తుంది. అది తెగి ఉంటే ఫ్యూజ్ పోయినట్టు.

ఫ్యూజ్ సామర్థ్యాన్ని రంగు చెబుతుంది. లేత గోధుమ రంగుది 5 ఆంపియర్లు, ముదురు గోధుమ రంగుది 7.5, ఎరుపుది 10, నీలానిది 15, పసుపుది 20, ఆకుపచ్చది 30 ఆంపియర్లు. పైన అంకె కూడా అచ్చువేసి ఉంటుంది. పోయిన ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో, కొత్తదీ అంతే ఉండాలి.

చేతిలో 10 ఆంపియర్లది లేదని 20ది పెట్టడం, చుట్టూ రాగి తీగో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో చుట్టడం చాలా ప్రమాదకరం. ఫ్యూజ్ ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, వైరింగ్‌ను కాపాడటానికి. లోపల ఎక్కడైనా షార్ట్ అయితే ఫ్యూజ్ తెగి కరెంటును ఆపాలి. అది తెగకపోతే కాలేది పైకప్పు గుడ్డ వెనక ఉన్న వైరు. మంట బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

కొత్త ఫ్యూజ్ పెట్టగానే మళ్లీ పోతే మూడోది పెట్టకూడదు. ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. డిక్కీ తలుపు, పక్క తలుపుల దగ్గర వైర్లు పదేపదే మడతపడి చిట్లడం, రోజుల తరబడి నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం దీనికి తరచూ కనిపించే కారణాలు. ఆ దశలో ఎలక్ట్రీషియన్‌కు చూపించాల్సిందే.

ఏ బల్బు అడగాలి?

కారు పేరు చెప్పి బల్బు ఇమ్మంటే ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. ఒకే మోడల్‌లోనూ ఏడాదిని బట్టి, వేరియంట్‌ను బట్టి బల్బులు మారుతుంటాయి. పాత బల్బును చేత్తో తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచిది. ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఉండే స్పెసిఫికేషన్ల పట్టికలో చాలావరకు ఏ లైటుకు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది.

రూఫ్ లైటులో ఎక్కువగా కనిపించేది ఫెస్టూన్ రకం. సన్నటి గాజు గొట్టానికి రెండు కొసలా లోహపు టోపీలుంటాయి. పాతకాలపు గాజు ఫ్యూజ్‌లా కనిపిస్తుంది. 5 వాట్లదాన్ని సి5డబ్ల్యూ, 10 వాట్లదాన్ని సి10డబ్ల్యూ అంటారు. ఇందులో వాట్లతో పాటు పొడవు కూడా చూడాలి. మార్కెట్‌లో 31, 36, 39, 41 మిల్లీమీటర్ల పొడవున్నవి దొరుకుతాయి. పొట్టిది వేస్తే క్లిప్పుల మధ్య వదులుగా ఉండి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. పొడవైనదాన్ని బలవంతంగా ఇరికిస్తే క్లిప్పులు వంగిపోతాయి.

మ్యాప్ లైట్లు, డిక్కీ లైట్లలో తరచూ వాడేది వెడ్జ్ రకం. దీనికి లోహపు టోపీ ఉండదు. గాజు అడుగుభాగమే చదునుగా ఉండి, రెండు సన్నటి తీగలు బయటికి మడిచి ఉంటాయి. డబ్ల్యూ5డబ్ల్యూ అన్నా, టి10 అన్నా ఇదే. ఇందులో 10 అనేది గాజు బుడ్డి వ్యాసం దాదాపు 10 మిల్లీమీటర్లని సూచిస్తుంది. చాలా కార్లలో ముందువైపు పార్కింగ్ లైటుకూ ఇదే వాడతారు. దీనికంటే చిన్నదైన టి5 బల్బు బటన్లకు, మీటర్లకు వాడేది.

కొన్ని పాత కార్లలో టి4డబ్ల్యూ రకం ఉంటుంది. దానికి లోహపు టోపీ, దాని పక్కల రెండు చిన్న మొటిమలు ఉంటాయి. ఇంట్లో వాడే పాత బల్బులా నొక్కి తిప్పితే ఊడుతుంది.

ఈ పేర్లు తెలిసి ఉండటం వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఇవి ఒక కంపెనీ పెట్టుకున్న పేర్లు కావు, అంతర్జాతీయంగా వాడుకలో ఉన్నవి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనైనా వీటితోనే అడగొచ్చు. జపాన్‌లో వాడిన కార్లను దిగుమతి చేసుకునే శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలోనూ అంతే. కొలంబోలోని పంచికావత్త, ఢాకాలోని ధోలైఖాల్, లాహోర్‌లోని బిలాల్ గంజ్ వంటి విడిభాగాల బజార్లలో కారు పేరు మారినా బల్బు కొలత మారదు.

వోల్టేజీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. కార్లకు 12 వోల్టుల బల్బు కావాలి. లారీలు, పెద్ద బస్సులకు వాడే 24 వోల్టుల బల్బులు చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి. దాన్ని కారులో పెడితే మసకగా వెలుగుతుంది. లారీలో 12 వోల్టులది పెడితే వెంటనే మాడిపోతుంది. 5 వాట్ల చోట 10 వాట్లది పెడితే వెలుగు పెరుగుతుంది కానీ వేడి కూడా రెట్టింపవుతుంది. పైనున్న ప్లాస్టిక్ కవరు పసుపురంగుకు తిరిగి, పగిలి, ఒక్కోసారి కరుగుతుంది.

మార్చే పద్ధతి

ముందు ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసేయాలి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారైతే తాళాన్ని దూరంగా పెట్టాలి. అప్పటిదాకా లైటు వెలుగుతూ ఉంటే పది నిమిషాలు ఆగాలి. 5 వాట్ల బల్బు చిన్నదే అయినా వేళ్లు కాలేంత వేడెక్కుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. లైటు ఆరి ఉన్నంత మాత్రాన హోల్డర్‌లో కరెంటు లేదనుకోకూడదు. చాలా కార్లలో బల్బు ఒక కొసకు బ్యాటరీ నుంచి కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు స్విచ్ చేసేది రెండో కొసను బాడీకి కలపడం మాత్రమే. ఆ సమయంలో ఇనుప స్క్రూడ్రైవర్ రెండు క్లిప్పులకూ ఒకేసారి తగిలినా, ఒక క్లిప్పుకూ కారు లోహపు భాగానికీ మధ్య తగిలినా ఫ్యూజ్ పోతుంది. 12 వోల్టులతో మనిషికి షాక్ కొట్టదు గానీ నిప్పురవ్వలు రావొచ్చు. అందుకే లోపలి లైట్ల ఫ్యూజ్‌ను ముందే తీసి పక్కన పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది. అది తెలియకపోతే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పొచ్చు. అయితే గడియారం, పవర్ విండోల సెట్టింగులు మళ్లీ చేసుకోవాల్సి రావొచ్చు.

తర్వాత లైటు మీది ప్లాస్టిక్ కవరు అంచును జాగ్రత్తగా గమనించాలి. ఒకవైపు చిన్న గాడి కనిపిస్తుంది. కవరును లేపాల్సింది అక్కడే. దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ ఉంటే మంచిది. లేకపోతే గడువు ముగిసిన ఏటీఎం కార్డు, లేదా మొనకు టేపు చుట్టిన చిన్న స్క్రూడ్రైవర్ సరిపోతుంది. గాడి లేనివైపు పెకిలిస్తే క్లిప్పులు విరుగుతాయి. పాతబడిన కార్లలో ప్లాస్టిక్ పెళుసుగా మారుతుంది కాబట్టి చలి ఉదయాల్లో కాకుండా కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవాలి.

ఫెస్టూన్ బల్బయితే ఒకవైపు క్లిప్పును వేలితో కొద్దిగా వెనక్కి నొక్కి, ఆ కొసను బయటికి తీయాలి. గాజును పట్టి లాగకూడదు. వెడ్జ్ రకమైతే నిటారుగా బయటికి లాగాలి. తిప్పకూడదు. టి4డబ్ల్యూ రకాన్ని లోపలికి నొక్కి, గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పాలి. గాజు పగిలి అడుగు ముక్క హోల్డర్‌లో ఉండిపోతే, ఫ్యూజ్ తీసేసి ఉందని మరోసారి నిర్ధారించుకుని నోస్ ప్లయర్‌తో తీయాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే పని జరిగేది తలపైన.

పాత బల్బు తీశాక క్లిప్పులను చూడాలి. ఆకుపచ్చగా లేదా నల్లగా చిలుము పట్టి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాలి. వదులుగా ఉంటే కొద్దిగా లోపలికి వంచాలి. వెలుగుతూ ఆరుతూ ఉన్న లైట్లు చాలావరకు ఈ పనితోనే బాగుపడతాయి, పాత బల్బుతో సహా.

కొత్త బల్బు పెట్టాక కవరు మూసేముందే ఫ్యూజ్ పెట్టి పరీక్షించాలి. స్విచ్ ఆన్ చేసి ఒకసారి, తలుపు తీసి ఒకసారి చూడాలి. వెలిగిందని తేలాకే కవరును టక్‌మని శబ్దం వచ్చేలా నొక్కాలి.

ఎయిర్‌బ్యాగులున్న చోట చేయి పెట్టొద్దు

దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరైంది. ఇప్పుడు చిన్న కార్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి. వాటిలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండేది తలుపుల పైన, పైకప్పు గుడ్డ అంచుల వెనక.

కాబట్టి లైటు కవరు వరకే పరిమితం కావాలి. కవరు రావడం లేదని చుట్టూ ఉన్న పైకప్పు గుడ్డను లాగడం, పక్క స్తంభాల ప్లాస్టిక్ తొడుగులను ఊడదీయడం చేయకూడదు. పసుపు రంగు తొడుగు లేదా పసుపు కనెక్టర్ ఉన్న వైర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినవి. టెస్ట్ ల్యాంపుతో వాటిని తాకకూడదు. బ్యాటరీ విప్పిన తర్వాత కూడా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో కొంతసేపు విద్యుత్ నిల్వ ఉంటుంది.

కొత్త కార్లలో ముందు మ్యాప్ లైట్ల పెట్టెలోనే మైకు, సన్‌రూఫ్ బటన్లు, అత్యవసర కాల్ బటన్ కూడా ఉంటున్నాయి. అలాంటి చోట మొత్తం పెట్టెను కిందికి లాగితే వెనకున్న కనెక్టర్లు తెగే ప్రమాదముంది. మాన్యువల్‌లో బల్బు మార్చే విధానం ఇవ్వకపోతే ఆ పనిని వర్క్‌షాపుకే అప్పగించాలి.

ఎల్ఈడీ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. పాత బల్బు తాను తీసుకునే విద్యుత్తులో పదో వంతును కూడా వెలుగుగా మార్చలేదు, మిగతాదంతా వేడే. ఎల్ఈడీ తక్కువ విద్యుత్తుతో అంతే వెలుగు ఇస్తుంది. అదుర్లకు తెగే తీగ అందులో ఉండదు.

కొత్త ఎల్ఈడీ వెలగకపోతే వెంటనే దుకాణానికి తిరిగి వెళ్లనక్కర్లేదు. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. బల్బును తీసి అటూ ఇటూ తిప్పి పెడితే చాలావరకు వెలుగుతుంది.

రంగు ఎంపికలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. 6000 కెల్విన్ అని రాసి ఉన్న నీలితెల్లని వెలుగు దుకాణంలో ఆకర్షణీయంగా కనిపిస్తుంది. రాత్రి హైవే మీద వెనక సీట్లో ఎవరైనా ఆ లైటు వేస్తే ముందు అద్దంలో ప్రతిబింబించి డ్రైవర్‌కు రోడ్డు మసకబారుతుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును పోగొట్టడానికి తీవ్రమైన వెలుగు కొన్ని సెకన్లు పడితే చాలు. 3000 కెల్విన్‌కు దగ్గరగా ఉండే పసుపు ఛాయ వెలుగు, అదీ మితంగా ఉండేది, రాత్రి ప్రయాణానికి మేలు.

స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటూ ఉండటం కొన్ని కార్లలో కనిపిస్తుంది. కారు కంప్యూటర్ నుంచి పారే అతి కొద్ది కరెంటు పాత బల్బును వెలిగించలేదు, ఎల్ఈడీకి మాత్రం సరిపోతుంది. దీన్ని ఆపడానికి రెసిస్టర్ అమర్చిన ఎల్ఈడీలు అమ్ముతారు. అవి వేడెక్కుతాయి కాబట్టి నాసిరకం కొనకూడదు. వైర్లు కోసి కొత్త రంగు లైట్లు కలిపితే ఫ్యూజ్ మీద భారం పెరగడమే కాకుండా, ఎలక్ట్రికల్ వారంటీ విషయంలో పేచీ రావొచ్చు. బల్బు మార్చడం వేరు, వైరింగ్ మార్చడం వేరు.

వెలగని లైటు కన్నా ఆరని లైటు ప్రమాదం

లైటు వెలగకపోతే ఇబ్బంది. ఆరకపోతే మర్నాడు కారు స్టార్ట్ కాదు. 5 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర దాదాపు 0.42 ఆంపియర్లు తీసుకుంటుంది. పది గంటల రాత్రికి అది సుమారు 4 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో తరచూ కనిపించే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైతే దీన్ని తట్టుకుంటుంది. కానీ 10 వాట్ల లైటు రెండు రోజులు వెలిగితే లెక్క ప్రకారం 40 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. అంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ. బ్యాటరీ పాతదైతే ఒక్క రాత్రికే మొరాయించొచ్చు.

ఈ విషయంలో ఎక్కువగా మోసం చేసేది డిక్కీ లైటు. మూత వేశాక లోపల వెలుగుతోందో లేదో బయటినుంచి కనిపించదు. దానికో ఉపాయముంది. ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి డిక్కీలో ఉంచి, మూత వేసి, నిమిషం తర్వాత తీసి చూడాలి. వీడియో చీకటిగా మారితే లైటు ఆరినట్టు. గ్లోవ్ బాక్సును కూడా ఇలాగే పరీక్షించొచ్చు. మూడు నాలుగు రోజులు కదలని కారు పదేపదే స్టార్ట్ కాకపోతే కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ పరీక్ష చేసి చూడాలి.

బల్బే లేని లైట్లు వచ్చేశాయి

ఈ పద్ధతులన్నీ బల్బు విడిగా ఊడొచ్చే కార్లకే. కొత్త మోడళ్లలో చాలావాటికి రూఫ్ లైటులో బల్బు ఉండదు. ఎల్ఈడీలను సర్క్యూట్ బోర్డు మీదే అతికిస్తారు. తలుపుల వెంట, డ్యాష్‌బోర్డు వెంట రంగురంగుల వెలుగు పరిచే యాంబియెంట్ లైట్లు కూడా అంతే. అవి ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ ఒక్క ఎల్ఈడీ పోయినా లైటు మొత్తాన్ని మార్చాల్సి వస్తుంది. పదుల రూపాయల్లో తేలే ఖర్చు వందల్లోకి, కొన్ని కార్లలో వేలల్లోకి చేరుతుంది. ఆ భాగం బయట దొరక్కపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ చెప్పిన ధరే చెల్లించాలి.

ఈ సమస్య మీద దేశంలో చర్చ కొత్తది కాదు. అసలైన విడిభాగాలు, పరీక్షా పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభమైంది. అది దృష్టి పెట్టిన నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. మిగతావి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు సహా ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు.

కొత్త కారు కొనేటప్పుడు మైలేజీ, ఫీచర్ల గురించి అడిగినట్టే, రూఫ్ లైటు పోతే బల్బు మారుస్తారా, మొత్తం భాగాన్ని మారుస్తారా, దాని ధరెంత అని కూడా అడగొచ్చు. పాత కారు ఉన్నవారైతే మాన్యువల్‌లో తమ బల్బుల రకాలు చూసి, ఒక్కో రకానివి రెండేసి, 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి చిన్న డబ్బాలో వేసి గ్లోవ్ బాక్సులో పెట్టుకోవచ్చు. గాజు పగలకుండా బల్బులను గుడ్డలో చుట్టాలి. దాంతోపాటు ఒక చిన్న టార్చి కూడా ఉంచుకోవాలి. లైటు పోయిన చీకట్లో బల్బు మార్చాలంటే ముందు కావాల్సింది అదే.